ఒకటి గిట్టని మాస్టారు

మా స్టాటిస్టిక్స్ మాస్టారికి ఒకటి అంకె గిట్టదు. పళ్లెంలో ఒకే బిస్కెట్టు మిగిలితే విరిచి రెండు చేసేవారు. క్లాసుకి ఒక్కరే రాకపోతే, "తోడుగా ఇంకొకరు మానెయ్యకూడదూ" అని నొచ్చుకునేవారు. "నన్ను పెళ్లాడింది ప్రేమతో కాదమ్మా, ఒకటంటే భయంతో" అని ఆయన భార్యే మాతో చెప్పేది.

ఇదేం పిచ్చో నాకు అంతుపట్టేది కాదు. ఆ మాటకొస్తే ఆయన పాఠమూ అంతుపట్టేది కాదు.

ఒకరోజు, పేర్లు రాయొద్దంటూ చీటీలు పంచారు. రెండే ప్రశ్నలు: కాలేజీకి ఎలా వస్తారు, పాఠం అర్థమవుతోందా. పేరు లేదన్న ధైర్యంతో "కావడం లేదు" అని రాసి పడేశాను.

మర్నాడు ఆ జవాబులన్నీ కంప్యూటర్‌కి ఎక్కించారు. అడ్డ వరసల్లో బస్సు, నడక, సైకిలు. నిలువు వరసల్లో అర్థమైంది, కాలేదు. రెండూ కలిసే గడిలో ఎంతమందో అదే లెక్కేసి చూపిస్తుందట. సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాల్ వచ్చి వెనక కూర్చున్నారు.

"అర్థం కానివాళ్లెవరో తేల్చండి. ఇళ్లకి ఉత్తరాలు రాస్తాను" అన్నారు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. క్లాసు మొత్తానికి సైకిలు మీద వచ్చేది నేనొక్కదాన్నే. ఉత్తరం అందిందంటే మా నాన్న చదువు మాన్పించి దుకాణంలో కూర్చోబెడతారు. గోడ మీది తెర ఇంకా వెలగలేదు గానీ, మొదటి బెంచీలో ఉన్న నాకు మాస్టారి కంప్యూటర్ కనిపిస్తూనే ఉంది. సైకిలు వరసలో, "కాలేదు" కింద, ఒకటి.

"ఛీ, మళ్లీ ఇదే" అని మాస్టారు మొహం చిట్లించి, సైకిలు వరసని నడకలో కలిపేశారు. "కాళ్లతో వచ్చేవాళ్లు" అని పేరు పెట్టి, అప్పుడు తెర వెలిగించారు.

"నడకనీ సైకిలునీ ఎలా కలుపుతారండీ?" అన్నారు ప్రిన్సిపాల్.

"రెండూ కాళ్లకి పనేగా సార్."

"సరే, అర్థం కాని ఈ ఐదుగురూ ఎవరు?"

"కాళ్లతో వచ్చే పన్నెండు మందిలో ఏ ఐదుగురో."

"మరి బస్సు వాళ్లు?"

"ఇరవైమందిలో ఏ తొమ్మిదిమందో. చీటీల మీద పేర్లు లేవుగా."

ప్రిన్సిపాల్ తల గోక్కున్నారు. "అయితే ఉత్తరం ఎవరికి రాయమంటారు?"

"నాకు రాయండి సార్. పాఠం చెప్పింది నేనేగా."

ఇంతసేపూ మాస్టారు నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. అప్పటికి గానీ నా మట్టిబుర్రకి వెలగలేదు. ఆ మనిషి మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను.

ప్రిన్సిపాల్ నిజంగానే మాస్టారికే ఉత్తరం రాశారు. మాస్టారు ఆ ఉత్తరాన్ని క్లాసులో పైకి చదివి, మడిచి జేబులో పెట్టుకుని, పాఠం మొదటి నుంచి ఎత్తుకున్నారు. ఈసారీ నాకు సగమే ఎక్కింది. కాకపోతే చెయ్యెత్తి ఆ మాట చెప్పాను. వెనక్కి తిరిగి చూస్తే, ఇంకో పదమూడు చేతులు లేచి ఉన్నాయి.