ఆంటీ నేర్పిన కువానువా

పక్కింటి ఆంటీ పోయారని సోమవారం పొద్దున ఆవిడ కూతురు ఫోన్ చేసింది. ఏడుస్తూనే ఇంకో మాట కూడా అడిగింది. "చర్చిలో అమ్మ భాషలో నాలుగు మాటలు మీరే చెప్పాలి. నాకు రాదు. ఇక్కడ ఆ భాష వచ్చినవాళ్లు ఇంకెవరూ లేరు." సరేనన్నాను. ఎందుకన్నానో నాకిప్పటికీ అర్థం కావడం లేదు.

ఆంటీది పాపువా న్యూగినీలో ఒక దీవి, భాష కువానువా. మేం దేశం మారి ఈ టార్నీట్ ఊరికి వచ్చిన కొత్తలో నన్ను మొదట పలకరించిన మనిషి ఆవిడే. ఆ మేలు మరవలేను. నాకొచ్చిన కువానువా అంతా ఆవిడ వంటింట్లో వచ్చిందే. చేమదుంపల చెక్కు తీస్తూ తన చెయ్యి చూపించి "లిమగు" అనేవారు. ‘లిమ’ అంటే చెయ్యి, చివరన ‘గు’ చేరితే నాది. అయితే ఇల్లు ‘పల్’ కదా అని నేను "పల్‌గు" అంటే, కత్తి పక్కన పెట్టి మరీ నవ్వేవారు. ఇంటికైతే "కౌగు పల్" అట, ‘నా’ విడిగా ముందే రావాలట.

"ఇల్లు అమ్ముకుంటావు. చెయ్యి అమ్ముకుంటావా?" అనేవారు.

అమ్మకీ నాన్నకీ కూడా చెయ్యికి లాగే చివరన తగిలించాలి. తిండికి మళ్లీ ఇంకో దారి. పనిని చెప్పే మాట ముందు ‘వ’ పెడితే ఆ పని ఇంకొకరి చేత చేయించినట్టు. ఇక్కడికొచ్చేసరికి నా బుర్ర వేడెక్కేది. మా తెలుగులో చేయడమైనా చేయించడమైనా మార్పు చివరే కదా, ముందు తగిలించడమేమిటని పోట్లాడేదాన్ని. "మీరే తలకిందులుగా మాట్లాడుతున్నారేమో" అంటూ ఆవిడ తాపీగా టీ పోసేవారు.

ఏం చెప్పాలో తోచక మా ఆయన్ని అడిగాను.

"తప్పో ఒప్పో అక్కడెవరికి తెలుస్తుందే? ధైర్యంగా చెప్పెయ్" అన్నారు. దాంతో నా దిగులు ఇంకా పెరిగింది.

చర్చిలో పెట్టె పక్కన నిలబడగానే నేర్చుకున్నవన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. చెయ్యి, ఇల్లు, అమ్మ, వచ్చినవి వచ్చినట్టు అనేశాను. ముందు పెట్టాల్సింది వెనక పెట్టానో, వెనకది ముందు పెట్టానో తెలియదు. అలవాటు కొద్దీ ఆగి, ఆంటీ నవ్వు కోసం చూశాను. అందరూ తలలు వంచి "ఆమెన్" అన్నారు.

బయట ఆంటీ కూతురు నన్ను వాటేసుకుంది. "ఎంత బాగా చెప్పారో. మా పాపకి కూడా నేర్పండి."

నేర్పగలనా? నేను తప్పు చెబితే దిద్దేదెవరు? కాదనలేకపోయాను.

నిన్న సాయంత్రం పాప వచ్చింది. కుర్చీలో బాసింపట్టు వేసుకుని, నా పెదవులు ఎలా కదిలితే తనవీ అలాగే కదుపుతూ, నేనన్నది అన్నట్టే అంటోంది.