ఎదురుకాళ్ళ పిల్ల

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. తలకంటే ముందు కాళ్ళు బయటికొచ్చాయన్నమాట. అమ్మ ఆ కాన్పులోనే పోయింది. అందుకని మా నాయనమ్మకి నేను తల్లిని పొట్టన పెట్టుకున్నదాన్ని. వాకాడు చుట్టుపక్కల నడుము పట్టేసినవాళ్ళకి మాత్రం వైద్యురాలిని. ఎదురుకాళ్ళవాళ్ళు తంతే పట్టు వదులుతుందని అప్పట్లో గట్టి నమ్మకం. అరవైల మొదట్లో, నాట్ల రోజుల్లో, పొద్దున్నే మా అరుగు మీద ఎవరో ఒకరు బోర్లా పడుకుని ఉండేవాళ్ళు. పదేళ్ళదాన్ని, పెద్దవాళ్ళను తన్నడంలో ఉన్న సుఖం దాచడమెందుకు!

తంతే ఏమీ కాదని త్వరలోనే తెలిసింది. మడమ ఆనించి మెల్లగా జరిపితేనే లోపల ఏదో సాగేది. మేకను కోసినప్పుడు తోలు కింద తెల్లటి పల్చటి పొర చూశాను. తొడ దగ్గర లాగితే నడుము దగ్గర కదిలింది. ఈమధ్య ఒక ఫిజియోథెరపీ ఆవిడ దాని పేరు ఫేషియా అంది. కండలన్నిటినీ చుట్టి కలిపి ఉంచుతుందట, అది బిగుసుకుంటే ఒకచోటి పట్టు ఇంకోచోట నొప్పిగా తేలుతుందట. పేరు తెలియకుండానే నేను దానిమీద నడిచాను.

ఒక ఏడాది నాట్లప్పుడు నాయనమ్మ నడుమే పట్టేసింది. మూడు రోజులు వంగిన మనిషి వంగినట్టే ఉంది. నాయన బతిమాలాడు.

"దాని కాలు నాకు తగిలిందంటే చూడు!" అని అరిచింది.

నాలుగో రోజు మంచం మీంచి లేవలేకపోయింది. నన్ను పిలిపించింది. "రావే," అని గోడవైపు మొహం తిప్పుకుని బోర్లా పడుకుంది.

గట్టిగా ఒక్కటి తన్నాలనే వెళ్ళాను. నడుము ముట్టుకుంటే రాయిలా ఉంది. పిక్కలు అంతకంటే బిగుసుకున్నాయి. నడుము వదిలేసి పిక్కల మీద, తొడల వెనక మడమతో చాలాసేపు మెల్లగా నొక్కుతూ పోయాను. అబ్బా అంది, అమ్మా అంది, తర్వాత ఊపిరి పొడుగ్గా వదిలింది. కాసేపటికి తనంతట తనే లేచి కూర్చుంది.

పెద్దవాళ్ళకి కాలు తగిలింది కదా, దండం పెట్టబోయాను. ఆమె నా పాదం పట్టుకుంది.

"ఆ రోజు ముందు ఇవే కనపడినాయి. మంత్రసాని ఆగమన్నా నేను ఇనలా. భయమేసి పట్టుకుని లాగినా. మీయమ్మను పొట్టన పెట్టుకుంది నేనేనే, నువ్వు కాదు," అంది.

నా కాలు ఇంకా ఆమె చేతుల్లోనే ఉంది. ఈసారి లాగలేదు, ఊరికే పట్టుకుంది.