పంచాయితీలో చెవులు మూసుకున్న పిల్ల

మొన్న తాండూరు పోతే, అక్క వాళ్ళింట్లో టీవీకి తగిలించి ఆడే పాత ఆట పెట్టె పాడైందన్నారు. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో చేయడం మానుకుంది, విడిభాగాలు దొరకవు. అల్లుడు నవ్వి, కంప్యూటర్ తెరిచి ఒక మీట నొక్కాడు. అదే పాట, అదే ఆట. నాకు మాత్రం ఆ పాట వినగానే కొన్నేళ్ళ కిందట మా ఇంట్లో జరిగిన పంచాయితీ గుర్తొచ్చింది.

అల్లుడంటే అక్క బిడ్డ మొగుడు. నాకు పుట్టుకతోనే అనుమానం జాస్తి. కూరగాయలామె కొసరు వేస్తే, పుచ్చువంకాయ అంటగడుతుందేమోనని తిప్పి తిప్పి చూస్తాను. అలాంటి నా దగ్గరికి, వికారాబాదుకు, పెళ్ళైన కొన్నాళ్ళకే మేనకోడలు కంప్యూటర్ పట్టుకుని వచ్చింది. "మామా, జర పనుంది. కొన్ని నెలలు ఈడనే ఉంట" అంది. మొగుడేమో తాండూరులో. ఆదివారం రైలెక్కి వచ్చేవాడు. ఇద్దరూ కలిసి తినేవాళ్ళు, నవ్వుకునేవాళ్ళు. అతను పని మాటెత్తితే చాలు, "నా ముందల అనకు" అని ఆమె లేచిపోయేది. ఒకసారి అతని సంచి తెరిచి చూశాను. తువ్వాలలో చుట్టిన ఆట పెట్టె, పైమూత విప్పి ఉంది. ఎక్కడ కొట్టుకొచ్చాడో అనుకున్నాను. పైగా అప్పుడప్పుడూ పిల్లకు ఎవరో వకీలు ఫోన్ చేసేవాడు. నిప్పు లేనిదే పొగ రాదు కదా. అక్కకు చెప్పాను. "తమ్మీ, బిడ్డ కాపురం ఆగమైతుందిరా" అని ఏడ్చింది.

మాలో ఆలుమగల మధ్య తేడా వస్తే పెద్దమనుషులు కూర్చోవాల్సిందే. బొంరాస్‌పేట నుంచి బావగారి అన్న వచ్చాడు. నాపరాళ్ళ వసారాలో చాప పరిచి ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాడు. "పిలగా, ఏం దాస్కోకు. నీ కడుపుల ఉన్నదంత గీ పిల్ల ముందల చెప్పు" అన్నాడు.

"ఏం లేదు పెద్దమామా, గా పెట్టె లోపల..." అని అల్లుడు మొదలుపెట్టాడో లేదో, పిల్ల రెండు చెవులూ మూసుకుని వాకిట్లోకి ఉరికింది. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. మొగుడి గొంతు కూడా గిట్టడం లేదని అందరం తేల్చేశాం.

నేను వెనకే వెళ్ళి అడిగాను. ఆ పెట్టె ఆటలు కంప్యూటర్‌లోనూ ఆడేలా ఇద్దరూ కలిసి ఒక ప్రోగ్రాము తయారు చేస్తున్నారట. పెట్టె ఏం చేస్తుందో దానికి కాపీరైటు ఉండదట, లోపల రాసిన ప్రోగ్రాముకే ఉంటుందట. అల్లుడు పెట్టె విప్పి దాన్ని చదివాడు. చదివినవాడే మళ్ళీ రాస్తే నకలంటారు. అందుకని చదవని పిల్ల సొంతంగా రాస్తోంది. ఏ మీట నొక్కితే ఏం జరగాలో మాత్రమే అతను చెప్పాలి, అదీ వకీలు జల్లెడ పట్టాక.

"లోపలి సంగతి ఒక్క ముక్క నా చెవిల పడ్డా, ఇన్నాళ్ళ పని బూడిదల పోసినట్టే మామా. రేపు కంపెనోళ్ళు కేసేస్తే, నాకు తెల్వదని ఎట్ల ప్రమాణం చెయ్యాలె?" అంది.

అల్లుణ్ణి వేరుగా అడిగాను. అదే చెప్పాడు. కూడబలుక్కున్నారేమోనని మరికొన్నాళ్ళు కనిపెట్టి చూశాను. కొత్తగా పెళ్ళైనవాళ్ళు, మనసులో మాట నాలుక చివరిదాకా వచ్చినా మింగేసుకునేవాళ్ళు. అది చూశాకే నమ్మాను.

పని ముగిసి, ఆ ప్రోగ్రామును అందరికీ ఊరికే ఇచ్చేశాక, "ఇగ చెప్పు" అంది పిల్ల. చెంపకు చెయ్యి ఆనించి, పొద్దుగూకే దాకా అతను చెప్పింది విన్నది. అలవాటు పోక, నేనూ తలుపు చాటున నిలబడి విన్నాను. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, ప్రాణం కుదుటపడింది.

మొన్న ఆ పాట ఆగాక అడిగాను, "రేపు గీ కంప్యూటర్ కూడ పాతదై మూలకు పడితే?"

"అప్పుడు ఇంకెవలో చెవులు మూసుకుంటరు మామా" అంది మేనకోడలు.

కాలం మీద నాకు అనుమానం ఇంకా పోలేదు. ఆ మాట విన్నాక కొంచెం తగ్గింది.