తన్నను పొమ్మన్న రోజు

"ఒక్క తన్ను, వదినా! నీ సొమ్మేం పోతుంది?"

"తన్నను పో."

"ఊళ్ళో వాళ్ళందర్నీ తంతావు. సొంత మరిదిని తన్నడానికి చేతులు రావా?"

"తన్నేది చేతులతో కాదుగా. ముందు ఆ చెమటేంటో చెప్పు."

"ఎండ."

"కార్తీక మాసంలో పొద్దున్నే ఎండేంటయ్యా?"

మా మరిది చొక్కా విప్పి, అరుగు మీద బోర్లా పడుకుని, వీపు నాకు అప్పగించి ఈ మాటలన్నీ అంటున్నాడు. నేను ఎదురుకాళ్ళతో పుట్టాను, తలకన్నా ముందు కాళ్ళు బయటికొచ్చాయి. అలా పుట్టినవాళ్ళు ఎడమకాలితో వీపు మీద తంతే పట్టేసిన నడుమూ, బెణికిన భుజమూ వదులుతాయని మా వైపు నమ్మకం. ఆ డెబ్బైల్లో కంకిపాడు చుట్టుపక్కల నా కాలికి మంచి పేరుండేది. నాట్లు వచ్చాయంటే నడుం పట్టేసినవాళ్ళు పొద్దున్నే మా గుమ్మం ముందు వరసగా కూర్చునేవాళ్ళు. డబ్బు పుచ్చుకుంటే గుణం పోతుందట. ఆ నియమం ఎవరు పెట్టారో గాని, నాలాంటి పిసినారి చేత కూడా ఊరికే పని చేయించారు.

మరిదికి అప్పుడు ముప్పై నాలుగేళ్ళు. వడ్ల బస్తా ఒక్కడే ఎత్తి బండిలో వేసే మనిషి. రెక్కల మధ్య పట్టేసిందనీ, ఎడమ చెయ్యి లాగుతోందనీ, దవడ కూడా లాగుతోందనీ అంటాడు. భుజం బెణికితే దవడెందుకు లాగుతుంది? పైగా బెణికినవాడు మెడ తిప్పితే కేక పెడతాడు. ఇతను అటూ ఇటూ హాయిగా తిప్పుతున్నాడు. నొప్పి మాత్రం ఉన్నచోటే ఉంది.

అంతకు ముందు ఏడు మా పక్కవీధిలో ఒకతను, వాలీబాల్ ఆడేవాడు, మరిది ఈడువాడే, రాత్రి అన్నం తిని పడుకుని తెల్లారి లేవలేదు. గాలి సోకిందన్నారు, దిష్టన్నారు. నేను పలకరించడానికి వెళ్తే వాళ్ళమ్మ చెప్పింది: "భుజం పట్టేసిందే, పొద్దున్నే వెళ్ళి నీ చేత తన్నించుకుంటా అన్నాడమ్మా. ఒంటి మీద చొక్కా తడిసిపోయింది." ఆ మాట నా చెవిలో ఉండిపోయింది.

ఈలోగా మరిది పెళ్ళాం, అంటే మా తోటికోడలు, గ్లాసుతో వాము నీళ్ళు తెచ్చింది.

"గ్యాసే అక్కా. నిన్న గోంగూర పచ్చడి కూర తిన్నట్టు తిన్నారు."

"తెల్లారగట్ల ఒక గ్లాసు ఇచ్చావుగా. తగ్గిందా?"

"లేదు."

"అయితే బెజవాడ పదండి, డాక్టరు దగ్గరికి. ఇది గుండె."

"ముప్పై నాలుగేళ్ళకి గుండె జబ్బేంటి వదినా? అది బొజ్జలున్న షావుకార్లకి వచ్చే జబ్బు!"

మొగుడూ పెళ్ళాం నవ్వారు. నేను నవ్వలేదు.

"వెళ్ళి టాక్సీ పిలిపించు" అన్నాను తోటికోడలితో.

నవ్వు ఆగిపోయింది. బస్సు చార్జీ దండగని కంకిపాడు నడిచి వెళ్ళొచ్చేదాన్ని నేను. అగ్గిపుల్ల ఖర్చని పక్కింటి పొయ్యిలోంచి నిప్పు తెచ్చుకునేదాన్ని. పురుళ్ళకి కూడా ఎడ్లబండిలోనే వెళ్ళాను.

మరిది మెల్లగా వెల్లకిలా తిరిగాడు. మొహం పాలిపోయింది.

"టాక్సీయా?"

"ఊఁ."

"నిజం చెప్పు వదినా. నేను పోతున్నానా?"

తోటికోడలు గ్లాసు కింద పెట్టి ఘొల్లుమంది. నొప్పికి పుట్టని భయం నా నోట్లోంచి వచ్చిన టాక్సీకి పుట్టింది ఇద్దరికీ. ఆ తరవాత ఎవరూ ఎదురు చెప్పలేదు. టాక్సీలో బందరు కాలవ పక్కన బెజవాడ దాకా నా చెయ్యి వదల్లేదు మరిది.

ఆసుపత్రిలో ఛాతీకి వైర్లు తగిలించి కాయితం మీద గీతలు తీశారు. డాక్టరు ఆ కాయితాన్ని చాలాసేపు చూశాడు.

"గుండెపోటేనమ్మా. కాని ఇది మొదటిది కాదు. ఇదివరకే ఒకటి చప్పుడు చెయ్యకుండా వచ్చిపోయింది."

తోటికోడలు కళ్ళు తుడుచుకుంటూనే అడ్డుకుంది. "అబ్బే, అలా జరగదండీ. మా అక్కకి తెలియకుండా మా ఇంటికి పిల్లి కూడా రాదు."

మంచం మీంచి మరిది నసిగాడు. నిరుడు కుప్పనూర్పుల్లో ఒక రోజు గుండెలు బరువెక్కి కళ్ళు తిరిగితే, నిమ్మకాయ సోడా తాగి, గడ్డివామి నీడన కాసేపు కూర్చుని మళ్ళీ పనిలోకి దిగాడట.

"మాకు చెప్పొద్దూ?" అన్నాను.

"చెప్పడానికేముంది? తేన్పొచ్చింది, తగ్గింది."

"తన్ని ఉంటే ఏమయ్యేదండీ?" అని డాక్టర్ని అడిగాను.

"ఎవర్ని?" అంటూ ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఎదురుకాళ్ళతో పుట్టడం దగ్గర్నుంచి సంగతంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నవ్వు ఆపుకోడానికే అనుకుంటాను. తరవాత మాత్రం నవ్వలేదు.

"తన్ని ఇంట్లోనే పడుకోబెట్టి ఉంటే ఇక్కడిదాకా వచ్చేవాడు కాదు. చిన్న వయసని గుండె ఊరుకోదమ్మా. అతన్ని లేచి కూర్చోనివ్వకండి. ఈ రాత్రి గడవాలి."

తోటికోడలు ఉన్న దేవుళ్ళందరికీ మొక్కింది. నేను మరిది మీది దుప్పటి పైకీ కిందకీ కదులుతోందా లేదా అని చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు పొద్దున మరిది కళ్ళు తెరిచాడు. నర్సు లేవద్దంది, పడుకునే మొహం తుడిపించుకున్నాడు. ఇడ్లీ చిదిపి నోట్లో పెట్టాను, తిన్నాడు. ఇంకోటి అడిగాడు. డాక్టరు వచ్చి చూసేదాకా ఆగమన్నాను.