బావ జేబులో ఉండిపోయిన ఫ్యూజు

మా అమ్మాయి పాడిందండీ. పల్లవి మొత్తం, చరణం సగం, తన గొంతుతో తనే పాడింది. నిన్న పొద్దున్న కొత్తవలసలో మా ముందు గదిలో చెవులారా విన్నాను. ఈ మాట అందరికన్నా ముందు చెప్పాల్సిన మనిషి మా బావ. ఆయన పోయి ఇవాళ్టికి పదమూడో రోజు. అందుకని మీకు చెబుతున్నాను. సంతోషమూ దుఃఖమూ ఒకే గిన్నెలో పడ్డాయి, వేరుచేసి రాయడం నాకు చేతకాదు. ఏడో తరగతితో చదువు ఆపి, ముప్పై ఏళ్లు రైల్వే గేటు దగ్గర జెండాలు ఊపిన వాణ్ణి.

బావ అంటే మా అక్క భర్త. ఆమదాలవలసలో ఉండేవాడు. కరెంటు లైన్‌మేన్‌గా చేసి రిటైరయ్యాడు. కరెంటు ఉందో లేదో చూడాలంటే టెస్టరు ముందు ఉన్నచోట పెట్టి వెలిగించేవాడు, తర్వాత పనిచేసే చోట పెట్టేవాడు, మళ్లీ వచ్చి ఉన్నచోట పెట్టేవాడు. “నిన్న పలికిన టెస్టరు ఇవాళా పలుకుతాదని ఏటి నమ్మకం?” అనేవాడు. పనిచేసేంతసేపూ ఫ్యూజు ఊడదీసి చొక్కా జేబులో పెట్టుకునేవాడు. స్తంభం మీద మనిషి ఉండగా కింద ఎవరో తెలియక ఫ్యూజు పెట్టేస్తే ఆయన తోటివాడొకడు పోయాడట. ఆ సంగతి ఒక్కసారే చెప్పాడు. జేబు మాత్రం జీవితమంతా తడుముకున్నాడు.

మా అమ్మాయి చర్చి కొయిర్‌లో చిన్నప్పటి నుంచీ పాడేది. నిరుడు గొంతు దగ్గర ఆపరేషను అయింది. అప్పటి నుంచి మా దగ్గరే ఉంటోంది. మాట తిరిగి వచ్చింది గానీ పాట రాలేదు. రోజూ కొంచెం కొంచెం సాధన చెయ్యమన్నాడు డాక్టరు. తను పదిహేనేళ్లప్పుడు పాడిన క్యాసెట్టు ఒకటి ఉంది. దాంతో కలిపి పాడి చూస్తానంది. నాకు పాటల పిచ్చి కనక పాత యాంప్లిఫయరు, పెద్ద స్పీకర్లు, క్యాసెట్ ప్లేయరు ఎప్పుడో అమర్చుకున్నాను. అయితే ఆ సెట్టులో పాట వెనకాల గుంయ్‌మని ఒక మోత ఉండేది. మూడు రోజులు ప్రయత్నించి అమ్మాయి కూర్చుండిపోయింది.

“నాన్నా, పాటతో పాడతన్నానో ఈ గుంయ్‌తో పాడతన్నానో నాకే తెల్డం నేదు. నా గొంతు జారి దాని మీదకే పోతంది. ఇంక పాటల పుస్తకం కొయిర్‌కి తిరిగి ఇచ్చీస్తాను.”

ఆ పుస్తకం ఇవ్వనివ్వకూడదని ఆ క్షణాన పట్టుపట్టాను. విశాఖపట్నం వెళ్లి కొట్టువాడు చెప్పిందల్లా నమ్మి, యాంప్లిఫయరుకి బొటనవేలంత లావు కరెంటు తీగ తెచ్చాను. మోత పోలేదు. ఎవరో చెప్పారని ప్లగ్గులో ఎర్తు వైరు పీకేశాను. మోత సగం తగ్గింది. మహా సంబరంగా బావకి ఫోను చేశాను. తర్వాతి బండికే దిగాడు.

“ఒరే బామ్మర్దీ, గోల తగ్గిందని ఎగురుతన్నావు. రేపు ఆ డబ్బా ఒంటికి కరెంటొచ్చి నీ పేణం పోతే పాట ఎవుడింటాడ్రా?”

“మరి ఈ తీగ బావా? మంచిదన్నారు.”

“మంచిదే, కాదన్నానా? గోడలో తీగ దారంలాగున్నాది. కాలవ సన్నంగా ఉంటే మడికి పెద్ద తూము పెట్టి ఏటి లాభం?”

ఆ రోజు నుంచి పని మొదలు. మీటరు దగ్గర నుంచి సెట్టుకి ప్రత్యేకంగా ఒక లైను లాగి, దానికో ఫ్యూజు పెట్టాడు. పెరట్లో గొయ్యి తవ్వించి ఉప్పు, బొగ్గు వేసి కొత్త ఎర్తు కట్టాడు. దానికి రెండు రోజులకోసారి నీళ్లు పొయ్యాలి. ఇక ఫోను చేస్తే బాగున్నారా అని అడగడం మానేశాడు. “గొయ్యికి నీలు పోసినారా?” ఇదే పలకరింపు.

పవర్ బోర్డు కొనడానికి నన్ను వెంటపెట్టుకుని వెళ్లాడు. రంగురంగుల దీపాలున్న బోర్డులు పక్కకి తోసేసి, ఒకటి స్క్రూలు విప్పి చూస్తానన్నాడు. కొట్టువాడు గుడ్లురిమాడు. “కొనే ముందు విప్పుతారేటండీ?” “పెళ్లికి ముందే సూడాల బాబూ, తరవాత సూసి ఏటి సేస్తాం?” అన్నాడు బావ. లోపలి ఇత్తడి మందంగా ఉందా, ప్లగ్గు పెడితే బిగుతుగా పట్టుకుంటోందా, అంతే ఆయన చూసింది. పైన మెరుపు లేని నల్ల బోర్డు తెచ్చుకున్నాం.

యాంప్లిఫయరూ ప్లేయరూ రెండూ ఆ ఒక్క బోర్డుకే. “అన్నీ ఒకే తల్లి పాలు తాగాల,” అనేవాడు. సెల్లు చార్జరు కూడా అక్కడ పెట్టనివ్వలేదు. కరెంటు తీగలు బీరువాకి ఎడం పక్కగా, పాట తెచ్చే సన్న తీగలు కుడి పక్కగా. దాటక తప్పని చోట అడ్డంగా దాటించాడు, పక్కపక్కన పరిగెత్తనివ్వలేదు. మిగిలిన తీగ నేను చుట్టలు చుడితే, “పడుకున్న పాములాగ సుట్టకు. వదులుగా వొదిలీ,” అని విప్పేశాడు.

మోత చాలా తగ్గింది. పూర్తిగా పోలేదు. బావ నేల మీద బోర్లా పడుకుని స్పీకరుకి చెవి ఆనించాడు. “ఎక్కడో రెండో తల్లున్నాదిరా,” అన్నాడు. బండికి వేళయింది. లేచి సెట్టు ఫ్యూజు ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

“అదేటి బావా?”

“నిన్ను నమ్మను. నేనటెళ్లగానే మళ్లీ ఎర్తు పీకీస్తావు. ఆదివారం వస్తాను, నేనే పెడతాను.” గుమ్మం దాటుతూ అమ్మాయితో, “కోడలా, పుస్తకం అప్పుడే ఇచ్చీకు,” అన్నాడు.

శుక్రవారం ఫోను చేశాడు. “ప్రెతి తీగా ఎక్కడ మొదలయ్యిందో ఎక్కడ ఆగిందో వేలితో తడుముకుంటూ ఎల్లు. వీదిలోంచొచ్చిన తీగ ఏదైనా తగిలితే అదే దొంగ.” సరేనన్నాను, చెయ్యలేదు. శనివారం తెల్లారేసరికి కబురొచ్చింది. బావకి నిద్రలోనే గుండె ఆగింది.

ఆమదాలవలసలో భూస్థాపన అయింది. ఇంటికొచ్చి చూస్తే సెట్టు మూగగా ఉంది. అలాంటి ఫ్యూజు వీధి చివరి కొట్లో దొరుకుతుంది. కొనలేదు. ఎర్తూ ముట్టుకోలేదు. గొయ్యికి మాత్రం నీళ్లు మానలేదు. అమ్మాయి పుస్తకం సంచిలో పెట్టుకుంది. నేను తీసి బల్ల మీద పెట్టాను. మళ్లీ సంచిలో పెట్టింది. మళ్లీ తీశాను.

బావ పేరున ఇంట్లో చేసే ప్రార్థన, ఆదరణ కూడిక, అయ్యాక అక్కని మా ఇంటికి తీసుకొచ్చాను. నిన్న పొద్దున్న రుమాలు విప్పి నా చేతిలో పెట్టింది. ఫ్యూజు.

“ఒరే తమ్ముడూ, ఆదివారం ఏసుకుంటానని ఇస్త్రీ చొక్కా జేబులో ఎట్టుకున్నారు. ఇది నీదేనా?”

వెంటనే పెట్టబోయి ఆగాను. ముందు బావ చెప్పిన పని చెయ్యాలి కదా. బీరువా జరిపి ఒక్కొక్క తీగా వేలితో తడుముకుంటూ వెళ్లాను. యాంప్లిఫయరు వెనక నుంచి ఒక సన్న తీగ గోడవారగా పోయి టీవీ డబ్బాలో దూరింది. డబ్బాలోకి వీధిలోంచి కేబులు తీగ వస్తోంది. దాన్ని కలిపింది నేనే, క్రికెట్టు పెద్ద స్పీకర్లలో వినాలని. తర్వాత నాకే గుర్తు లేదు. పీకేశాను. మెయిను ఆపి, బావ మా ఇంట్లోనే వదిలెళ్లిన టెస్టరుతో మూడుసార్లూ చూసి, ఫ్యూజు అక్క చేతికే ఇచ్చాను. ఆవిడ పెట్టింది. మెయిను వేసి క్యాసెట్టు పెట్టాను.

స్పీకర్లలో ఏమీ లేదు. సెట్టు పాడైందనుకున్నాను. అంత నిశ్శబ్దం. అప్పుడు పదిహేనేళ్ల మా అమ్మాయి పాట ఎత్తుకుంది, దానితో పాటు ఇప్పటి అమ్మాయీ ఎత్తుకుంది. మొదటి మాట వణికింది. పై స్థాయిలో గొంతు చీలింది. ఆపలేదు. “నా గొంతు వినపడతంది నాన్నా,” అని మధ్యలో ఒకసారి అంది, అంతే. పుస్తకం సంచిలోంచి తనే తీసి తెరిచింది.

కబురు చెప్పాల్సిన వాళ్లు చాలామంది ఉన్నారు. అల్లుడికి, కిరండూల్ లైనులో డ్యూటీ, సిగ్నలు దొరగ్గానే. పొందూరు చిన్నాన్నకి, చెవుడు కనక గట్టిగా. విజయనగరం తమ్ముడికీ మరదలికీ. బొబ్బిలి మేనత్తకి, ఆవిడకి చెబితే ఇక ఆ వైపు నేను చెప్పక్కర్లేదు. బావ పెద్దకొడుక్కి, ముందు ఫ్యూజు సంగతి, ఆ తర్వాత పాట సంగతి. అక్కకి చెప్పక్కర్లేదు. ఆవిడ పెరట్లో ఉంది, చెంబుతో గొయ్యికి నీళ్లు పోస్తోంది.