అత్త అన్నవరంలో వేసిన ఓటు

మొన్న పక్కవాటాలో ఉండేవాళ్ళు అన్నవరం వెళ్ళొచ్చి ఆకుపొట్లంలో ప్రసాదం ఇచ్చారు. విప్పగానే నెయ్యి, బెల్లం కలిసిన ఆ వాసన ఇల్లంతా పరుచుకుంది. మా ఆవిడ కళ్ళకద్దుకుని తింది. నేను షుగరుందని తప్పించుకున్నాను. షుగరున్న మాట నిజమే గానీ, అసలు కారణం మా మేనత్త.

భీమవరానికి దిగువన, ఉప్పుటేరు పక్కనున్న మా ఊళ్ళో అత్తకు అరెకరం వరిచేను ఉండేది. మావయ్య పోయాక ఆవిడకు తిండి పెట్టిందీ, ఒకరి గుమ్మం ఎక్కకుండా కాపాడిందీ ఆ చేనే. తొంభైల్లో మావైపు రొయ్యల పిచ్చి పట్టింది. ఏటి ఉప్పునీళ్ళు తోడి రొయ్యల చెరువులు నింపేవారు. ఆ ఉప్పు ఊరితే పక్కచేలో వరి బతకదు. అత్త చేనుకు ఆనుకుని పదెకరాలున్న ఆసామి కూడా చెరువు తవ్వించడానికి సిద్ధంగా ఉన్నాడు. పంచాయతీ ఒప్పుకోక ఆగాడు. సరిగ్గా అప్పుడే ప్రెసిడెంటు ఎన్నిక వచ్చింది. మావైపు సర్పంచి అని ఎవరూ అనరు, ప్రెసిడెంటుగారే. ఢిల్లీలో ఇంకో ప్రెసిడెంటు ఉంటాడని అత్తకు తెలుసో తెలియదో గానీ, తెలిసినా లెక్కచేసేది కాదు. ఆ ఆసామి ఉంగరం గుర్తు మీద నిలబడ్డాడు. ఆయనకు పోటీగా రిటైరైన బడి మాస్టారు కత్తెర గుర్తు మీద నిలబడి, తాను గెలిస్తే ఊళ్ళో ఇక ఒక్క చెరువు కూడా తవ్వనివ్వనని ఇంటింటికీ తిరిగి చెప్పారు. అత్త ఓటు ఎటో అడగాల్సిన పనే లేదు.

పోలింగుకు వారం ముందు ఉంగరంవాళ్ళు అన్నవరానికి బస్సు పెట్టారు. మావయ్య జబ్బున పడ్డప్పుడు, ఆయన లేచి తిరిగితే కొండకు వస్తానని అత్త మొక్కుకుంది. మావయ్య లేవనే లేదు. ఇంకా మొక్కేమిటని నేనంటే, "మాటిచ్చింది నేను కదరా, ఆయన పోతే నా మాట కూడా పోద్దేంటి?" అని కసిరింది. అత్తకు మాటంటే అంత పట్టుదల, ఆ బస్సే ఎక్కింది. ఆ సంగతి ఆసామికీ తెలుసు. దర్శనమయ్యాక ఒక్కొక్కరి చేతిలో ప్రసాదం పెట్టి, ఆయనే చేతులు కట్టుకుని నిలబడ్డాడట. "స్వామి ఎదురుగా ఒక్క మాట అనండి అక్కయ్యగారూ, ఓటు ఉంగరానికేనని. బలవంతం ఏం లేదండి" అన్నాడట. చేతిలో ప్రసాదం, ఎదురుగా సత్యనారాయణస్వామి, కొండ దిగితే ఎక్కాల్సింది ఆయన బస్సు. అత్త అనేసింది.

నేను అప్పుడు నిడదవోలులో గుమాస్తాగా పనిచేసేవాణ్ణి. ఓటు కోసం ఊరు వచ్చి, అత్తను వెంటబెట్టుకుని బడిలో పెట్టిన బూత్‌కు బయల్దేరాను. కొండమీద ఇచ్చిన మాట సంగతి దారిలో చెప్పింది. "పెట్టెలో పడ్డాక ఎవరి ఓటో ఎవరికి తెలుస్తుందత్తా? కత్తెర మీద గుద్దెయ్" అన్నాను.

"స్వామికి తెలీదేంటిరా?"

"మరి నీ చేను?"

అత్త గొంతు తగ్గించి, "నలభైమందిమి వెళ్ళాం కదా. అందరూ నాలాంటి పిచ్చోళ్ళేంటి? పాతికమందైనా మాట తప్పరా?" అంది. తన మాట దక్కాలి, మాస్టారూ గెలవాలి. నాకు పకపకా నవ్వొచ్చింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

మధ్యాహ్నం బడిలోనే లెక్కించారు. పదకొండు ఓట్ల తేడాతో ఉంగరం గెలిచింది. బయట టపాకాయలు పేలుతుంటే, బస్సెక్కి వెళ్ళొచ్చినవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. వాళ్ళలో ఆ పదెకరాల చుట్టూ చేలున్నవాళ్ళే ఎక్కువ. తరువాత అత్త వాళ్ళను ఒక్కొక్కరినీ కదిపి చూసింది. ఎవరూ మాట తప్పలేదు. పక్కవాళ్ళు తప్పుతారులే అని అందరూ ధైర్యంగా ఉన్నారు.

మరుసటేడే చెరువు తవ్వారు. రెండో పంటకు అత్త నాటిన నారు ఎర్రబడి మాడిపోయింది. గట్ల మీద ఉప్పు తెల్లగా పేరుకుంది. చివరికి అత్త ఆ ప్రెసిడెంటుగారి షెడ్డులోనే రొయ్యల తలలు తీసే పనికి కుదిరింది. పొద్దస్తమానం ఐసునీళ్ళలో నాని వేళ్ళు పాచిపోయేవి. ఆ చేతులు చూసి ఒకసారి కోపం ఆపుకోలేక, "నీ చేను నువ్వే ముంచుకున్నావు" అనేశాను. అత్త ఏడవలేదు. "అవున్రా. పాపం పక్కవాళ్ళ చేత చేయించి, పంట నేను తిందామనుకున్నాను. అదీ నేను చేసిన తప్పు" అంది. అంతకన్నా పెద్ద తప్పులు చేసినవాళ్ళెవరూ అలా ఒప్పుకోగా నేను వినలేదు.

తరువాతి ఎన్నికల్లో ఆయన ఓడిపోయాడు. రొయ్యలకు తెగుళ్ళొచ్చి చెరువులూ మూలపడ్డాయి. అత్త పోయి చాలాకాలమైంది. ఆ అరెకరం మాత్రం గడ్డి కూడా సరిగ్గా మొలవకుండా అలాగే ఉంది. ప్రెసిడెంటుకైతే ఐదేళ్ళే గడువు. ఆ ఉప్పుకు గడువెంతో పాతికేళ్ళయినా మాకు ఇంకా తెలియలేదు.