నలభై నిమిషాల దారి

వెర్లీన్ టబ్స్ మా పక్కింటావిడ. ఊరి చివర వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకి స్నానం చేయించి, మొక్కజొన్న జావ తినిపించే పని. మనిషి గడుసు. అలాంటిది, మా వీధికి ఆదివారం బస్సు ఎత్తేస్తారన్న కాగితం స్తంభానికి అంటించిన రోజు మెట్ల మీద కూలబడిపోయింది. కారు లేదు, మోకాళ్ళు అరిగిపోయాయి. బస్సు పోతే ఉద్యోగం పోయినట్టే. కొండమీది తెల్లవాళ్ళ పేటకి మాత్రం బస్సు యథాప్రకారం నడుస్తుందట, అక్కడ ఇంటికి రెండు కార్లున్నా సరే!

మా అలబామా ఊళ్ళో కౌన్సిల్ సభలో మాట్లాడటానికి జనానికి తలా రెండు నిమిషాలు. కావాలంటే మన నిమిషాలు ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. ఆ మంగళవారం అందరం ఎవరి గోల వాళ్ళు రాసుకుని వెళ్ళాం. నాది మురుక్కాలువ గొడవ.

వెర్లీన్ పేరు పిలవగానే మంగలి డెల్రాయ్ లేచాడు. "నా రెండు నిమిషాలు అక్కకే."

ఇంకొకరు లేచారు. తర్వాత ఇంకొకరు. గొణుక్కుంటూనే నేనూ లేచాను. ఆవిడవీ కలిపితే నలభై నిమిషాలయ్యాయి.

"ఆదివారం పొద్దున్న ఐదైంది," అంది వెర్లీన్. "నా గుమ్మం దిగుతున్నా. మీరూ నాతో నడవండి. ఇక్కడ కాలిబాట లేదు, గడ్డిలోకి రండి. కుక్క వస్తోంది, పరిగెత్తకండి. ఇదిగో రైలు గేటు. గూడ్సు అడ్డంగా ఉంది. ఆగండి."

నిజంగానే మాట ఆపేసింది. మూడు నిమిషాలు హాలంతా నోరెత్తకుండా ఆ గూడ్సు కోసం ఎదురుచూశాం.

"ఆ చివరి బాబూ, ఫోను జేబులో పెట్టు నాయనా. హైవే దాటుతున్నాం."

రోజూ కంచె మీదనుంచి కబుర్లాడే మనిషే! ఇంత మనిషని నాకెలా తెలియలేదు?

టైమైపోయిందని గంట మోగింది. ఆశ్రమం ఇంకా కొంచెం దూరముంది. అధ్యక్షుడు కార్మైకేల్ గారు చెయ్యి అడ్డంగా ఊపి, "కానివ్వమ్మా, చేరుకోనీ," అన్నాడు.

తలుపు దాకా తీసుకెళ్ళింది. అప్పుడాయన అడిగాడు. "ఈ దారి ఎన్నిసార్లు నడిచావమ్మా?"

"నేనా? మొన్న ఆదివారం ఒక్కసారి, మీకు చెప్పడానికి. రెండోసారికి ఈ మోకాళ్ళు రావు. మా అమ్మయితే ముప్ఫై ఏళ్ళు నడిచిందండీ. అప్పట్లో నల్లవాళ్ళ వీధుల్లోకి బస్సే వచ్చేది కాదు."

బస్సు ఉంచాలన్నవాళ్ళు చేతులెత్తమని సభ్యులకి చెప్పి, ఆయన ముందు తన చెయ్యే ఎత్తాడు. కౌన్సిల్లో ఉన్న ఏడుగురి చేతులూ లేచాయి.